ఆశ్రిత గదిలో ఎర్ర రొయ్యలు

పోయిన వారం మనం హేమావతిని పెరటి గడపలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఒక అరచేతిలో చచ్చిన రొయ్య. నిన్నటిదాకా కుంకుమ రంగులో మెరిసినది, ఇప్పుడు పాలు పోసినట్టు తెల్లబడింది. రెండో చేతిలో ఫోను. అందులో ఆడబిడ్డ ఆశ్రిత బెంగళూరు నుంచి పెట్టిన మెసేజి: "వదినా, ఇది ఎండదెబ్బ కాదు. నీళ్లలో రాగి కలిసింది. రాగి రవ్వంత తగిలినా ఇవి బతకవు." తలెత్తి చూస్తే ఎదురుగా బోరు పక్కన, దానిమ్మతోటకు మందు కలిపే డ్రమ్ము. దాని అంచంతా నీలంగా ఎండిపోయిన మైలుతుత్తం. మైలుతుత్తం రాగి కాక మరేమిటి? ఆ డ్రమ్ము ఎవరిది? మామ గంగాధరప్పది. గాజుతొట్టి ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఆ ఇంట్లో కాచుకుని కూర్చున్నది ఎవరు? ఆయనే.

ఈ గొడవ మొదటినుంచీ తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. గంగాధరప్ప మాట మనిషి. గుమ్మఘట్ట చుట్టుపక్కల పంచాయితీ ఏదైనా ఆయన నోటి మాటతో తెగిపోతుంది. అలాంటి మనిషి కూతుర్ని కణేకల్ వైపు పెద్దింటికి ఇస్తానని మాట ఇచ్చాడు. కూతుర్ని మాత్రం అడగలేదు. నిశ్చితార్థం నాటి పొద్దున్నే ఆశ్రిత "నేను చేసుకోను నాయనా" అని ఎదురుగా నిలబడి చెప్పి, బ్యాగు తగిలించుకుని రాయదుర్గం బస్సెక్కి, అటునుంచి అటే బెంగళూరు పోయింది. అక్కడ చేపల తొట్లు అమ్మే దుకాణంలో పనికి కుదిరింది. ఇక్కడ తండ్రి గడ్డపార తీసుకుని ఆమె గదిలోకి పోయాడు, ఆమె ముద్దుగా పెంచుకున్న గోరంత ఎర్ర రొయ్యల గాజుతొట్టిని పగలగొడదామని. కోడలు హేమావతి అడ్డం నిలబడింది. అప్పుడు ఆయన అన్న మాట ఇది: "సరే. దాంట్లో ఒక్క పురుగు కదల్తాండేంతవరకు ఈ గది జోలికి నేను రాను. అన్నీ సచ్చిన దినం తొట్టి పోతాది, మంచం పోతాది, ఈడ శనక్కాయ మూటలు పడతాయి. ఆ పాపకు ఈ ఇంట్లో చోటు తీరిపోయినట్టే."

అదీ సంగతి. ఆ రోజునుంచీ అవి రొయ్యలు కావు, ఆ ఇంట్లో ఆశ్రితకు మిగిలిన చోటు. శివపూజ చేసుకునే ఇల్లు, మాంసం వాసన సోకని వంటిల్లు, అలాంటి ఇంట్లో పెద్దకోడలు రొయ్యలకు దాదిగా కుదిరింది. మన బోరు నీళ్లు ఉప్పు కషాయమని ప్లాంటు నీళ్ల క్యాను తెప్పించి కలిపింది. ఎండాకాలం తొట్టి వేడెక్కుతుందని తడి గోనెపట్టా చుట్టి టేబుల్ ఫ్యాను పెట్టింది. కరెంటు పోతే గాలిబుడగలు ఆగిపోతాయని, రాత్రి పూట ఎన్నిసార్లు లేచేదో ఆమె మొగుడు దివాకర్‌ను అడగండి చెబుతాడు, నిద్ర చెడేది అతనికి కూడా కదా. ఎండిన బాదం ఆకు, ఉడికించిన బెండముక్క వేసేది. అవి చిన్న చిన్న ముందుకాళ్లతో ఆ ముక్కను గీరుకుంటూ, గబగబా నోట్లో పెట్టుకుంటూ ఉంటే, నిలబడి చూస్తూ కూర మాడబెట్టిన రోజులున్నాయి. ఇంత చేసినా ఈ మధ్య పొద్దున లేస్తే ఒకటో రెండో వెల్లకిలా పడి ఉంటున్నాయి. ఇంకో వింత ఏమిటంటే, ఈ ఎండకు రోజూ తగ్గాల్సిన నీళ్లు తగ్గటం లేదు. గోనెపట్టా పనిచేస్తోంది కాబోలు అనుకుని సంతోషపడింది, పిచ్చిది.

ఇప్పుడు హేమావతికి ఒళ్లు మండిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా, కాలుతున్న బండల మీద పెరడు దాటి పడసాలలోకి వచ్చింది.

గంగాధరప్ప కుర్చీలో కూర్చుని ఫోనులో తోటకాపరి గురప్పను చీవాట్లు పెడుతున్నాడు. "డ్రిప్పు పైపు పగిలితే నాకు ఫోను చేసేదేందిరా, ముందు వాల్వు కట్టెయ్యి!"

"మామా, ఫోను పెట్టండి."

ఆ ఇంట్లో ఆయనతో అలా అన్నవాళ్లు ఇద్దరే. ఒకరు బస్సెక్కి వెళ్లిపోయారు. ఆయన కోడలి మొహంలోకి చూసి, గురప్పకు ఏ మాటా చెప్పకుండానే ఫోను కట్టేశాడు.

"ఏమ్మా?"

హేమావతి అరచేయి చాపింది. "ఇది చూడండి."

"ఏముండాది చూసేకి? పురుగు సచ్చింది. ఈ ఎండలకు మనుషులే సచ్చిపోతాండారు."

"ఎండ కాదు మామా. నీళ్లలో రాగి పడింది. మైలుతుత్తం." చెప్పాలనుకున్నవన్నీ వరసగా పేర్చుకునే వచ్చింది. "మన ఇంట్లో మైలుతుత్తం ఎవురి దగ్గరుండాది? తొట్టి ఖాళీ అయితే ఆ గది ఎవురికి కావాల? నాకా? అత్తకా?"

గంగాధరప్పకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక భుజం మీది తువ్వాలు తీసి కుర్చీ మీద విసిరి లేచాడు. మనిషి పొడగరి, లేస్తే పడసాల చిన్నదైపోతుంది. హేమావతి ఒక అడుగు వెనక్కి వేసింది. వేసినందుకు తన మీద తనకే కోపం వచ్చి, మళ్లీ ఆ అడుగు ముందుకు వేసింది.

"నేను పోసినానంటావా?"

"ఎవురు పోసినారో మీరే చెప్పండి."

"హేమా, నేను పోయాలనుకుంటే నీ కండ్ల ముందరే బకెట్టు తెచ్చి కుమ్మరిచ్చేవాణ్ణి. దొంగమాదిరి సుక్కసుక్క పోసే కర్మ నాకేంటికి? నీకు మాటిచ్చినా గదా! నా నోట్లోనించి వచ్చిన మాట నేను ఎప్పుడన్నా మింగినానా? మాట కోసరమే గదమ్మా..." తువ్వాలు తీసుకుని మళ్లీ భుజాన వేసుకున్నాడు. గొంతు సగానికి సగం తగ్గింది. "మాట కోసరమే గదా కడుపున పుట్టిన పాపను పోగొట్టుకున్యా."

ఆ గడ్డపార రోజు తర్వాత ఈ మనిషి నోట ఆ పిల్ల ప్రస్తావన రావడం ఇదే మొదలు. హేమావతి కోపమంతా ఎటు పోయిందో పోయింది. ఈయన కాదు. ఈయన అబద్ధం చెప్పడు. మరి ఎవరు? నీళ్లలో రాగి ఎక్కణ్ణుంచి ఊరుతుంది?

దేవుడి గదిలో గంట ఆగింది. అత్త బయమ్మ పూజ ముగించి బయటికి వచ్చింది. చేతిలో చింతపండుతో తోమి తళతళలాడుతున్న రాగిచెంబు. రోజూ రాత్రి దానినిండా నీళ్లు పట్టి మూతపెట్టి ఉంచడం, తెల్లారి ఆ నీళ్లతో లింగానికి అభిషేకం చేయడం, ఆ తీర్థం ఇంటిల్లిపాదికీ పంచడం, ఇదంతా ఆమె కాపురానికి వచ్చిన నాటినుంచీ జరుగుతున్నదే. మామూలుగా అయితే పూజ కాగానే పడసాలలోకి రావాలి. ఈరోజు రాలేదు. స్తంభం అడ్డం కావడంతో పడసాలలో నిలబడ్డ వీళ్లిద్దర్నీ చూసుకోలేదు కూడా. చెంబు మీద అరచేయి మూతపెట్టి, దొంగపిల్లి అడుగులు వేసుకుంటూ నడవలోకి మళ్లి, కూతురి గది తలుపు మోచేత్తో తోసుకుని లోపలికి పోయింది.

ఆ గది! కూతురు పోయినప్పటినుంచీ ఆమె దాని గడప తొక్కలేదని ఇల్లంతా నమ్మింది. హేమావతి ఆ వైపు పోతుంటే "మళ్లా ఆ పురుగుల కాడికేనా?" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే మనిషి. మామాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతసేపూ పోట్లాడుకున్నవాళ్లు కాస్తా ఇప్పుడు ఒకరి వెనక ఒకరు, చప్పుడు కాకుండా ఆ తలుపు దాకా వెళ్లారు.

బయమ్మ తొట్టి మీది గాజుమూత పక్కకు జరిపింది. చెంబు వంచింది. నీళ్లు సన్నటి ధారగా పడుతున్నాయి. ఆమె పెదాలు కదులుతున్నాయి. "శివయ్యా, యాడుండినా నా బిడ్డను సల్లగా సూడు. తండ్రీకూతుళ్ల మనసులు కలుపు." ఆ పైన తొట్టిలోకి వంగి, మనుమళ్లకు చెప్పినట్టు చెప్పింది. "తాగండమ్మా, తాగండి. తీర్థం. మీకేం కాదు."

హేమావతికి ఒక్కసారిగా అన్నీ తెలిసిపోయాయి. తగ్గని నీళ్లు. రోజుకొకటిగా తెల్లబడుతున్న రొయ్యలు. రాత్రంతా రాగిలో నిలిచిన నీళ్లు. దివాకర్‌కు చెప్పింది, పనిమనిషికి చెప్పింది, రాగి తగలనీయొద్దని, దోమలమందు కొట్టొద్దని. అత్తకు మాత్రం చెప్పలేదు. ఈ గదిలోకి రాని మనిషికి ఎందుకులే అనుకుంది. ఎంత పొరపాటు చేశాను తల్లీ అని లోలోపలే కుమిలిపోయింది.

"ఏం జేస్తాండావే ఈడ?" గంగాధరప్ప అడిగాడు.

బయమ్మ ఉలిక్కిపడింది. చెంబు చేయి జారి బండల మీద గణగణమని దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండు క్షణాలు నిలబడింది. ఆ తర్వాత ఏ తెగింపు వచ్చిందో ఏమో, కొంగు కిందికి వదిలేసింది.

"ఏం జేసేదయ్యా నేను? పేరెత్తొద్దంటివి, ఎత్తలేదు. ఫోను చెయ్యొద్దంటివి, చెయ్యలేదు. అది తన చేత్తో పెంచినవి గదా, వాటికి రోంత తీర్థం పోస్తే నీకేం నష్టమొచ్చింది? మొదట ఒకటి ఎండకు సచ్చిందని హేమ ఈ గదిలో కుచ్చోని ఏడుస్తాంటే నాకు ఇనపడింది. ఇంక నాకు బువ్వ దిగలేదు. అప్పట్నించి పొద్దున చెంబు, మాపటేల చెంబు, రెండేళలా పోస్తాండా. దేవుడు కాపాడకుండా యాడికి పోతాడు?"

హేమావతి ముందుకు వచ్చి ఆ పిచ్చితల్లిని పట్టుకుని ఏడవాలనుకుంది. ఆపమని అరవాలనీ అనుకుంది. రెండూ చేతకాలేదు. "అత్తా..." అంది.

"ఏమ్మా? సాలలేదా? ఇంకో చెంబు తెచ్చేదా?"

గంగాధరప్ప మంచం కింది చెంబు వైపు చూశాడు. కోడలి అరచేతిలోని తెల్లటి రొయ్య వైపు చూశాడు. రాగి అన్న మాట పడసాలలో ఆయన చెవిన పడి ఎంతోసేపు కాలేదు. తోటలో మందులు కలిపి కలిపి పండిన మనిషికి ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు. హేమావతి నోరు తెరవబోయేసరికి ఆయన చేయి అడ్డం వచ్చింది.

"హేమా, గమ్మునుండు." ఆ పైన భార్యతో, ఎటో చూస్తూ అన్నాడు. "దేవుని నీళ్లు దేవునికే. రేపట్నించి దీంట్లో పోయొద్దు."

"ఏంటికి?"

"ఏంటికంటే..." పది ఊళ్ల పంచాయితీలు చెప్పిన పెద్దమనిషి తడబడ్డాడు. "నిండిపోయి కింద పొర్లుతాండాయి. గోడ చెమ్మెక్కుతాది."

బయమ్మ గోడను చూడలేదు. తొట్టిలోకి చూస్తోంది. వంగింది, ఇంకా వంగింది, చివరకు ముక్కు గాజుకు ఆనింది. నాచు చుట్ట ఉంది, బాదం ఆకు ఉంది, మూలన స్పాంజి ఫిల్టరు నుంచి బుడగలు పైకి పోతూనే ఉన్నాయి. వాటి మధ్యన తిరగాల్సిన ఎర్ర చుక్కలే లేవు.

"ఏవే హేమా? నిన్న మాపటేల మూడు తిరుగుతాండె గదా? యాడికి పాయె?"

హేమావతి కూడా వెదికింది. ఆకు వెనక వెదికింది, రాయి సందులో వెదికింది. ఒకటి రాయి పక్కన పడి ఉంది. ఒకటి తన చేతిలో ఉంది. మూడోది నాచులో చిక్కుకుని కదలకుండా ఉంది. ఇంకేం లేవు.

"ఏమయ్యా!" బయమ్మ గొంతు కీచుమంది. ఆమె కూతురి మంచం మీద కూలబడి, ఎవరో లాక్కుపోతారన్నట్టు పరుపును రెండు చేతులా పట్టుకుంది. "ఖాళీ అయిందా? ఖాళీ అయితే మూటలు ఏయిస్తానంటివే! నీ మాట తప్పవే నువ్వు! నా బిడ్డకు ఈ మంచం కూడా లేకుండా జేస్తావా?"

గంగాధరప్ప జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా తొట్టి ముందర గొంతుక్కూర్చున్నాడు. అలా చాలాసేపు చూశాడు. నడవలో ఎండగాలి ఊళ వేస్తోంది. హేమావతి ఆయన వీపునే చూస్తూ, ఈయన లేచి నిలబడి అనబోయే మాట ఏమిటో తనకు తెలుసనుకుంది.

"ఉండాది," అన్నాడు ఆయన.

"ఆఁ?"

"ఒకటుండాదే. ఆ ఆకు కింద సూడు. కాళ్లాడిస్తాండాది."

హేమావతి గబుక్కున ఆయన పక్కన కూర్చుంది. నిజమే, ఆకు అంచున ఒకటి ఉంది. మీసాలున్నాయి, కాళ్లున్నాయి, తోక ఉంది, బుడగలు తగిలినప్పుడల్లా ఊగుతోంది కూడా. కానీ దాని ఒంట్లోంచి అవతలి నాచు కనిపిస్తోంది. అది రొయ్య కాదు, రొయ్య విడిచిన పొర. ఇవి పెరిగేటప్పుడు ఒంటి మీది పొరను అచ్చంగా విడిచేసి బయటికి వచ్చేస్తాయి. తీగె మీద ఆరేసిన చొక్కా గాలికి ఊగినట్టు ఊగుతోంది, అంతే. లోపల మనిషి లేడు.

"మామా, అది..."

"పొర అని నాకూ తెలుసులేమ్మా." ఆయన పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు. మంచం మీద కూర్చుని దేవుడికి దండాలు పెట్టుకుంటున్న బయమ్మకు అది వినపడలేదు. "ఈడనే, ఇట్లనే కుచ్చోబెట్టుకోని ఆ పాపే సూపించింది. నాయనా, ఇది సచ్చింది కాదు, బట్టలు మార్చుకునింది అని నగింది. నీ అత్తకు సెప్పొద్దు. తన చేత్తోనే సంపుకున్యానని తెలిస్తే అది బతకదు."

హేమావతి తలూపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మాట తప్పని మనిషి తన కళ్ల ముందే అబద్ధం ఆడాడు, దానికే ఆయన మీద మొట్టమొదటిసారి ప్రేమ పుట్టుకొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆమె చేతిలో ఫోను మోగింది. పగటిపూట ఆశ్రిత ఎప్పుడూ ఫోను చేయదు. వదినా ఆడబిడ్డల మాటలన్నీ మిద్దె మీద, బట్టలు ఆరేసే వేళ. కానీ చివరి మూడు రొయ్యలు ఏమయ్యాయోనని పొద్దుటినుంచీ కాలు నిలవక, మెసేజికి జవాబు కూడా రాక, ఇక ఉండబట్టలేక చేసేసినట్టుంది. అదీ వీడియో కాల్. తెర మీద ఆశ్రిత నవ్వుతున్న ఫోటో, గదిలో అందరికీ కనిపించేంత పెద్దగా.

బయమ్మ ఒక్క అంగలో వచ్చింది. "ఎత్తు! ఎత్తమ్మా, మళ్లా పెట్టేస్తాదేమో!"

హేమావతి మామ వైపు చూసింది. ఆయన ఎత్తమనలేదు, వద్దనలేదు. లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె ఎత్తింది.

"వదినా, ఏమైనాయి..." అంటూనే ఆశ్రిత ఆగిపోయింది. తెరలో కనిపించింది వదిన కాదు. "అమ్మా?"

"పాపా! ఎట్ల సిక్కిపోయినావే! బువ్వ తింటాండావా లేదా? ఏడవొద్దు, ఏడవొద్దు తల్లీ, నీ రొయ్య ఉండాది. ఒకటుండాది. మీ నాయనే సూసినాడు!"

అవతల దుకాణంలో ఎవరో కన్నడంలో ఏదో ధర అడుగుతున్నారు.

"నాయన సూసినాడా?" అంది ఆశ్రిత చివరకు. "వదినా, ఒకసారి తొట్టి పక్క తిప్పు."

ఎలా తిప్పాలి? తిప్పకపోతే అత్త ఎందుకు తిప్పవంటుంది. తిప్పితే చేపల తొట్ల దుకాణంలో పనిచేస్తున్న పిల్లకు పొరకూ ప్రాణానికీ తేడా తెలియదా? "సూపించమ్మా, సూపించు, ఆ ఆకు కింద!" అని బయమ్మ భుజం కుదుపుతోంది. హేమావతి ఫోను తిప్పింది. ఆకు అంచున ఆ ఖాళీ పొర బుడగల్లో ఊగుతోంది. గాజు మీద గోడ దగ్గరి మనిషి నీడ పడుతోంది.

"వదినా," అంది ఆశ్రిత. "ఆడ నిలబడింది నాయనేనా?"

గాజు మీది నీడ కదిలింది.

"నాయనా, నువ్వు నాకెప్పుడూ అబద్ధం సెప్పలేదు. నువ్వు సెప్తే నమ్ముతా. దాంట్లో ఇంకా ప్రాణముండాదా? ఉండాదంటే ఆ ఇంట్లో నాకింకా చోటుండాదనుకుంటా. ఈ రేత్రి బండెక్కి వస్తా. లేదంటే లేదని సెప్పు. నేనేమీ అనుకోను."

బయమ్మ రెండు చేతులూ జోడించి మొగుడి మొహంలోకి చూస్తోంది. ఉందంటే తెలిసి తెలిసీ బిడ్డతో అబద్ధం. లేదంటే, ఎందుకు లేదో భార్యకు చెప్పి తీరాలి. హేమావతి ఫోనును రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా ఆయన వైపు తిప్పింది.

గంగాధరప్ప కళ్లజోడు తీశాడు. అది లేకుండా కూతురి మొహం సరిగ్గా కనిపించదు, అందుకని మళ్లీ పెట్టుకున్నాడు.

"పాపా," అన్నాడు. ఆ పైన ఏమన్నాడో వచ్చే వారం.